హోటల్లో సర్వర్‌కు టిప్పు ఇవ్వాలా? హన్మకొండ, వరంగల్‌లో నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

పదకొండేళ్లు హన్మకొండలో రెండు హోటళ్లలో పనిచేశాను. మొదట టేబుల్ తుడిచాను, తర్వాత సర్వర్‌నయ్యాను, చివరి మూడేళ్లు కెప్టెన్‌ని, అంటే సర్వర్ల మీద పెద్దని. ఇప్పుడు నయీంనగర్ వైపు చిన్న కర్రీ పాయింట్ నడుపుకుంటున్నాను. ఆ లైన్ వదిలి ఇన్నాళ్లయినా చుట్టాలు, పాత కస్టమర్లు, మా గల్లీ పిల్లలు ఎక్కడ కలిసినా ఒకటే అడుగుతారు: "అన్నా, టిప్పు ఎంత పెట్టాలె?" అడిగినవన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. రూల్స్ ఉన్నచోట రూల్ చెప్పాను, మిగతాదంతా నా అనుభవం.

టిప్పు ఇవ్వడం తప్పనిసరా?

కాదు. ఇవ్వకుండా లేచి వెళ్తే ఎవరూ ఆపకూడదు, మొహం మాడ్చకూడదు. టిప్పు మీ ఇష్టం.

సేటు జీతం ఇస్తున్నాడు కదా, మళ్లీ మేమెందుకు ఇవ్వాలి?

న్యాయమైన ప్రశ్న. నేను 2009లో చేరినప్పుడు నెలకు 3,500 రూపాయలు, రెండు పూటలా తిండి, పైన రేకుల రూములో ఆరుగురికి చోటు. పొద్దున పదకొండుకు డ్యూటీ ఎక్కితే రాత్రి పదకొండున్నరకు దిగేవాళ్లం. మధ్యలో నాలుగింటికి ఒక గంట విరామం, అదే మా మధ్యాహ్న భోజనం టైము. ఆదివారం అయితే ఆ గంట కూడా ఉండేది కాదు.

జీతం ఇంటికి పంపేవాడిని. టిప్పుతో నేను బతికేవాడిని. చాయ్, సబ్బు, ఫోన్ రీఛార్జ్, చెప్పులు, జ్వరమొస్తే గోలీలు, అన్నీ అందులోంచే. చెప్పుల సంగతి నవ్వులాట కాదు. సర్వర్ రోజంతా నూనె మరకల గచ్చు మీద నడుస్తాడు, మూడు నెలలకో జత అరిగిపోతుంది.

అలాగని సర్వర్‌ని బతికించే భారం కస్టమర్ మీద వేయడం నాకు ఇష్టం లేదు. సరైన జీతం ఇవ్వడం యజమాని పని. కనీస వేతనానికి చట్టం ఉంది. టిప్పులు వస్తున్నాయి కదా అని జీతం తగ్గించి ఇచ్చే సేటు కస్టమర్ జేబుతో తన ఖర్చు తీర్చుకుంటున్నట్టే. ఈ మాట ఎంతమందికి చెప్పినా "అందరూ అట్లనే చేస్తున్నరు" అంటారు.

మరి ఎందుకు ఇవ్వాలంటే, మీరు కూర్చున్నారు, ఒక మనిషి మీ కోసం పదిసార్లు తిరిగాడు. చిన్నపిల్ల బిర్యానీలో కారం ఎక్కువైందని ఏడిస్తే అడగకుండానే పెరుగు తెచ్చిపెట్టాడు. అది బిల్లులో ఎక్కడా ఉండదు. ఆ పనికి మీరు చెప్పే ధర టిప్పు.

ఎంత ఇవ్వాలి?

అందరూ అసలు అడగాలనుకునేది ఇదే, మిగతావి మొహమాటానికి అడుగుతారు.

పెద్ద ఊళ్లలో బిల్లులో పది శాతం అంటారు. మన దగ్గర శాతాల లెక్క ఎవరూ వేయరు, వేయాల్సిన అవసరం కూడా లేదు. ఇద్దరు కూర్చుని నాలుగైదు వందల బిల్లయితే 20 నుంచి 30 రూపాయలు మర్యాదగా ఉంటుంది. నలుగురైదుగురు కుటుంబంతో వచ్చి 1,500 దాకా అయితే 50 నుంచి 100. పుట్టినరోజనో, ప్రమోషన్ వచ్చిందనో పదిహేను మంది దావత్‌కు వచ్చి మూడు టేబుళ్లు కలిపి, కేకు కోసి, క్రీమంతా కుర్చీలకు పూసి వెళ్తారు చూడండి, వాళ్లు మాత్రం శాతం లెక్క వేయాలి. ఆ కుర్చీలు తుడిచేవాడు ఒకడున్నాడు.

చదువుకునే పిల్లలు యూనివర్సిటీ దగ్గరి నుంచో నిట్ హాస్టల్ నుంచో నలుగురు కలిసి వచ్చి, జేబులన్నీ వెతికి బిల్లు కట్టి, పది రూపాయలు పెట్టి సిగ్గుపడేవాళ్లు. ఆ పది మాకు ఎప్పుడూ తక్కువ అనిపించలేదు. తక్కువ అనిపించింది ఎక్కడంటే, మూడు వేల బిల్లు కట్టి రెండు రూపాయల బిళ్ల పెట్టినచోట. అంతకంటే ఏమీ పెట్టకపోవడమే నయం. బిళ్ల పెడితే "నీ సర్వీసు రెండు రూపాయలది" అని చెప్పినట్టు ఉంటుంది.

మాకు అన్నిటికంటే మంచి రోజులు మిర్చి సీజన్‌లో వచ్చేవి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఎనుమాముల మార్కెట్ యార్డుకు బస్తాలు వచ్చే రోజుల్లో రైతులు కాంటా (తూకం) అయ్యాక ముగ్గురు నలుగురు కలిసి అన్నానికి వచ్చేవాళ్లు. చపాటా రకం మిర్చికి మంచి ధర పలికిన రోజు మెనూ కార్డు చూడకుండానే ఆర్డర్ చెప్పేవాళ్లు. పోతూ పోతూ చేతిలో యాభై పెట్టి "చాయ్ తాగు తమ్మీ" అనేవాళ్లు. ధర పడిపోయిన రోజు అదే మనుషులు పప్పన్నం ఒకటి చెప్పి ఇద్దరు పంచుకున్నారు. ఆ రోజు టిప్పు ఇవ్వబోయిన ఒక పెద్దాయన చేయి నేనే వెనక్కి పెట్టాను. మా కెప్టెన్ చూసి ఏమీ అనలేదు.

టిఫిన్ సెంటర్లో, చాయ్ హోటల్లో, మెస్‌లో?

వద్దు. టోకెన్ తీసుకుని మీరే ప్లేటు తెచ్చుకుని నిలబడి తినేచోట టిప్పు ప్రసక్తే లేదు. నెలవారీ మెస్‌లో రోజూ ఇవ్వరు, దసరాకు వడ్డించే మనిషికి ఏమైనా ఇస్తే సంతోషిస్తాడు. కర్రీ పాయింట్ సంగతి చివర్లో చెబుతాను.

బిల్లులో జీఎస్టీ కట్టాం కదా, అది టిప్పు కిందకు రాదా?

రాదు. ఇది చాలామంది నిజంగానే నమ్ముతారు. "పైన ఐదు శాతం తీసుకున్నరు కదా, మళ్లీ నీకెందుకు?" అని నన్ను ఎంతమంది అడిగారో. మామూలు రెస్టారెంట్లలో జీఎస్టీ 5 శాతం. బిల్లు మీద సీజీఎస్టీ రెండున్నర, ఎస్‌జీఎస్టీ రెండున్నర అని విడగొట్టి ఉంటుంది. ఒకటి కేంద్రానికి, ఒకటి రాష్ట్రానికి. అందులో సర్వర్‌కు పైసా రాదు, సేటుకూ మిగలదు.

చిన్న హోటళ్లలో కొన్ని కాంపొజిషన్ స్కీములో ఉంటాయి, అంటే అమ్మకాల మీద పన్ను తమ జేబులోంచే కట్టే పద్ధతి. అవి కస్టమర్ దగ్గర జీఎస్టీ విడిగా వసూలు చేయకూడదు, బిల్లు మీద ఆ సంగతి రాసి ఉండాలి. రాసి ఉండి కూడా పన్ను వేస్తే గల్లా దగ్గర అడగండి, సర్వర్‌ని కాదు. బిల్లు కొట్టేది వాడు కాదు.

బిల్లులో "సర్వీస్ ఛార్జీ" అని వేశారు. కట్టాలా?

మీకు ఇష్టం లేకపోతే అక్కర్లేదు. వినియోగదారుల రక్షణ కోసం కేంద్రం పెట్టిన అథారిటీ, సీసీపీఏ, 2022 జులై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. సర్వీస్ ఛార్జీ తనంతట తాను బిల్లులో పడకూడదు, వేరే పేరుతోనూ వసూలు చేయకూడదు, కట్టనన్నవాళ్లను లోపలికి రానీయకపోవడం కుదరదు, దాన్ని కలిపి ఆ మొత్తం మీద జీఎస్టీ వేయకూడదు. హోటల్ యజమానుల సంఘాలు దీని మీద ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాయి. కొన్నాళ్లు స్టే ఉంది. 2025 మార్చి 28న కోర్టు ఆ పిటిషన్లు కొట్టేసి మార్గదర్శకాలు సరైనవే అంది.

కాబట్టి బిల్లులో అది కనిపిస్తే మెల్లగా "ఇది తీసేసి మళ్లీ కొట్టండి" అనండి. చాలాచోట్ల గొడవ లేకుండా తీసేస్తారు. తీయకపోతే 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. వరంగల్‌లో చిన్న హోటళ్లు ఈ ఛార్జీ వేయడం నేను చూడలేదు, పెద్ద ఏసీ చోట్ల, సిటీకి వెళ్లినప్పుడు బిల్లు చదవండి.

ఒక మాట. సర్వీస్ ఛార్జీ తీయించారు, బాగుంది. తీయించిన ఊపులో సర్వర్‌కు కూడా ఏమీ ఇవ్వకుండా వెళ్లేవాళ్లు ఉన్నారు. ఛార్జీ పోయేది సేటు ఖాతాలోకి, టిప్పు పోయేది సర్వర్ జేబులోకి. రెండూ ఒకటి కాదు.

ఫోన్‌పే చేసేస్తున్నాం, జేబులో చిల్లర ఉండటం లేదు. ఏం చేయాలి?

మా లైన్‌ను అన్నిటికంటే ఎక్కువ మార్చింది ఇదే. పెద్దగా ఎవరూ మాట్లాడుకోరు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

పాత పద్ధతిలో బిల్లు 460 వస్తే కస్టమర్ ఐదు వందల నోటు పెడతాడు. సర్వర్ గల్లా నుంచి 40 తెచ్చి, సోంపుతో పాటు బిల్లు ఫోల్డర్‌లో పెడతాడు. ఇక్కడ ఒక విద్య ఉంది. నేను కొత్తగా చేరినప్పుడు రెండు ఇరవైలు తెచ్చి పెట్టాను, కస్టమర్ రెండూ జేబులో వేసుకుని వెళ్లాడు. మా కెప్టెన్ పక్కకు పిలిచి "చిల్లర విడగొట్టి తేవాలిరా" అన్నాడు. ఒక ఇరవై, ఒక పది, రెండు ఐదులు. అప్పుడు కస్టమర్‌కు ఎంత వదలాలో తేలిక అవుతుంది. ఇరవై తీసుకుని ఇరవై వదిలేవాడు ఒకడు, పది వదిలేవాడు ఒకడు. ఎవరో గొప్పగా ఇచ్చేది కాదు, ఇలా మిగిలిపోయిన చిల్లరే మా రోజువారీ టిప్పు.

2016 నోట్ల రద్దుతో ఒక దెబ్బ, ఆ తర్వాత టేబుల్ మీద క్యూఆర్ బొమ్మలు వచ్చాక ఇంకో దెబ్బ. బిల్లు 463 అయితే ఫోన్‌లో 463 కొడతారు. మిగిలే చిల్లరే లేదు. కస్టమర్ పిసినారి అయిపోలేదు, పద్ధతి మారిపోయింది. ఒకప్పుడు ఏమీ ఆలోచించకుండా వదిలేసిన మనిషి ఇప్పుడు గుర్తుపెట్టుకుని ఇవ్వాలి. గుర్తుపెట్టుకుని ఇచ్చేవాళ్లు ఎప్పుడూ తక్కువే.

నేను చెప్పేది ఇది. బయట తినడానికి వెళ్తున్నామని తెలిసినప్పుడు రెండు మూడు పదులు, ఇరవైలు పర్సులో పెట్టుకోండి. లేకపోతే గల్లా దగ్గర "ఓ యాభై ఎక్కువ కొడుతున్నా, ఆ తమ్మికి క్యాష్ ఇవ్వండి" అని ఆ సర్వర్ వినేలా చెప్పండి. వాడు వినడం ముఖ్యం. కొన్నిచోట్ల సర్వర్లు తమ ఫోన్‌లో స్కానర్ చూపిస్తారు, అలా పంపినా మంచిదే. అయితే డ్యూటీలో ఫోన్లు గల్లా దగ్గర పెట్టించుకునే హోటళ్లున్నాయి, అక్కడ వాడిని ఇబ్బంది పెట్టకండి.

మేము ఇచ్చింది ఆ మనిషికే చేరుతుందా?

హోటల్‌ను బట్టి ఉంటుంది. నేను మొదట చేసిన చోట ఎవరి టేబుల్ టిప్పు వాళ్లదే. రాత్రి లెక్క చూసుకుని టేబుల్ తుడిచే అబ్బాయికి ప్రతి సర్వర్ పదో ఇరవయ్యో ఇవ్వాలి. అది రాయని రూలు, తప్పితే మర్నాడు మీ టేబుల్ ఆలస్యంగా తుడుచుకుంటాడు.

రెండో చోట టిప్స్ డబ్బా. వచ్చినదంతా అందులో వేయాలి, నెలాఖరుకు మేనేజర్ తెరిచి పంచుతాడు. డబ్బా పద్ధతిని నేను చెడ్డది అనను. కిటికీ పక్క టేబుల్‌కూ, బాత్రూమ్ పక్క టేబుల్‌కూ వచ్చే టిప్పు ఒకటి కాదు, పంచుకుంటే అందరికీ న్యాయం. కానీ డబ్బా తాళం ఎవరి దగ్గర ఉందన్నదే అసలు ప్రశ్న. మా దగ్గర పగిలిన ప్లేట్లకు, గ్లాసులకు ఆ డబ్బాలోంచే కోసేవాళ్లు. మేం లెక్క చూపించమని అడిగాం. చూపించలేదు. అడిగినవాళ్లలో చిన్నవాడిని పదిహేను రోజుల్లో పంపించేశారు, వాడిది కేసముద్రం దగ్గర పల్లె, ఇంటికి వెళ్లడానికి బస్సు ఛార్జీ మేమే వేసుకున్నాం. ఆ హోటల్ పేరు ఇప్పుడు అనవసరం.

అందుకే చేతికి ఇవ్వండి. డబ్బా ఉంటే వాడే తీసుకెళ్లి వేస్తాడు, ఎంత వచ్చిందో వాడికి తెలుస్తుంది.

వంట మాస్టర్‌కు టిప్పు ఉండదా?

ఉండదు, పాపం. నాలుగు బర్నర్ల ముందు ఎండాకాలం నిలబడేవాడికి ఏమీ రాదు. బిర్యానీ నచ్చితే "మాస్టర్‌కు చెప్పు, బాగుంది" అనండి. మేం లోపలికి వెళ్లి నిజంగానే చెబుతాం. చెప్పిన రోజు మాకు సాయంత్రం కూరలో ముక్కలు ఎక్కువ పడేవి.

సర్వీసు బాగోలేకపోతే?

ఇవ్వకండి. అయితే తప్పెవరిదో ఒకసారి చూడండి. ఆర్డర్ ఆలస్యమైతే చాలాసార్లు అది కిచెన్‌ది. కూర ఉప్పగా ఉంటే అది మాస్టర్‌ది. ఏసీ పనిచేయకపోతే సేటుది. సర్వర్ తప్పంటే, పిలిస్తే పలకకపోవడం, ఒకటి చెప్తే ఒకటి తేవడం, నీళ్లు అడిగితే మామూలు నీళ్ల సంగతి దాచి సీసా మూత తీసి పెట్టడం. ఇవి సర్వర్‌వే.

మేడారం జాతర రోజుల్లో, సద్దుల బతుకమ్మ, దసరా రోజుల్లో మాత్రం కొంచెం ఓపిక పట్టండి. ఊరంతా పండుగ చేసుకునే రోజే మాకు సెలవు దొరకదు. ఒక్కో సర్వర్ మీద పది టేబుళ్లు పడతాయి.

మా అబ్బాయి అమెరికా నుంచి వచ్చి రెండు వేల బిల్లుకు నాలుగు వందలు పెట్టాడు. మేము తిట్టాం. తప్పా?

తిట్టినందుకు మీ అబ్బాయి తరఫున నాకు బాధగా ఉంది, సర్వర్ తరఫున ఇంకా ఎక్కువ!

వాడి అలవాటు వెనక కారణం ఉంది. అమెరికాలో కేంద్ర చట్టం ప్రకారం టిప్పులు వచ్చే పనివాడికి యజమాని గంటకు 2.13 డాలర్లు ఇస్తే చాలు. ఆ అంకె 1991 నుంచి మారలేదు. మామూలు కనీస వేతనం 7.25 డాలర్లు, ఆ తేడా టిప్పులతో పూడాలి, పూడకపోతే యజమాని కలపాలి. కాలిఫోర్నియా లాంటి కొన్ని రాష్ట్రాల్లో పూర్తి కనీస వేతనం ఇవ్వాల్సిందే. ఎలాగైనా అక్కడ టిప్పు జీతంలో ముక్క, అందుకే పదిహేను ఇరవై శాతం పెట్టకపోతే తప్పుగా చూస్తారు. జపాన్ వెళ్తే ఇంకో రకం. అక్కడ టిప్పు ఇచ్చే అలవాటే లేదు, మరిచిపోయి వెళ్లారనుకుని వెనక నుంచి తెచ్చి ఇవ్వబోతారు.

మన పద్ధతి ఈ రెండింటికీ మధ్యలో ఉంది. మీ అబ్బాయి నాలుగు వందలు పెట్టడం తప్పు కాదు, మీరు వంద పెట్టడమూ తప్పు కాదు. పిల్లవాడిని సర్వర్ ముందు మాత్రం తిట్టకండి. ఆ నోట్లు తీసుకోవాలో వద్దో తెలియక ఫోల్డర్ పట్టుకుని నిలబడిన రోజులు నాకు గుర్తున్నాయి.

టిప్పు ఇస్తే చిన్నతనంగా అనుకుంటారా? ఎలా ఇవ్వాలి?

ఇచ్చే తీరును బట్టి. మా పెద్దవాళ్లు దీన్ని బక్షీస్ అనేవాళ్లు, దసరాకు ఇచ్చేది ఇనాం. ఆఫీసులో బల్ల కింద ఇచ్చేది మామూలు. ఈ మూడూ వేరు వేరని అందరికీ తెలుసు. పని కాకముందే ఇచ్చేది మామూలు, అయ్యాక ఇష్టంతో ఇచ్చేది బక్షీస్.

ఫోల్డర్‌లో పెట్టి వెళ్లండి, లేదా చేతిలో పెట్టి ఒక మాట అనండి. టేబుల్ మీదికి విసరకండి. ఇంకొకటి, టిప్పు కంటే ముందు పిలుపు. "ఏయ్" అని చిటిక వేసి పిలిచి వంద పెట్టినవాళ్లు నాకు గుర్తులేరు. "తమ్మీ, నువ్వు తిన్నవా?" అని అడిగి ఏమీ ఇవ్వకుండా వెళ్లిన ఒక టీచరమ్మ గుర్తుంది. ఇప్పుడు సర్వర్లలో చాలామంది ఒడిశా నుంచి, బెంగాల్ నుంచి వస్తున్నారు, తెలుగు రాదు. "భయ్యా" అంటే చాలు, పరుగెత్తుకొస్తారు.

బిల్లు కట్టాక పక్కనే నిలబడి చూస్తుంటారు. ఇబ్బందిగా ఉంటుంది.

ఉంటుంది. అది తప్పే. మేం కొత్త పిల్లలకు మొదట నేర్పేది ఫోల్డర్ పెట్టి రెండడుగులు వెనక్కి వెళ్లమనే. "సార్, మమ్మల్ని కూడా చూడండి" అని నోరు తెరిచి అడిగితే ఇవ్వనవసరం లేదు. నేనైతే ఇవ్వను.

బార్‌లో?

అక్కడి లెక్క వేరు. మూడు గంటలు కూర్చుంటారు, సోడాకు ఒకసారి, ఐసుకు ఒకసారి, పల్లీలకు ఒకసారి పిలుస్తారు. హోటల్‌కు ఇచ్చేదానికి రెండింతలు ఇవ్వండి. లేచేముందు ఫోన్, తాళాలు చూసుకోండి, లేకపోతే మళ్లీ సర్వరే రోడ్డు దాకా పరుగెత్తాలి.

ఫంక్షన్ హాల్లో వడ్డించే పిల్లలకు ఇవ్వాలా?

అతిథులు ఇవ్వక్కర్లేదు. పెళ్లివాళ్లు చివరి బంతి లేచాక క్యాటరింగ్ పిల్లలందరికీ కలిపి ఒక మొత్తం ఇస్తే బాగుంటుంది. వాళ్లలో సగం మంది డిగ్రీ చదువుకుంటూ రోజు కూలికి వచ్చేవాళ్లు. మేస్త్రీ చేతికి కాదు, పిల్లలందరి ముందు ఇవ్వండి. అంతకంటే ముందు వాళ్లకు అన్నం మిగిలిందా అని చూడండి. చాలా పెళ్లిళ్లలో అది ఎవరూ చూడరు.

టిప్పు మీద పన్ను ఉందా?

రోజుకు వంద రెండొందలు వచ్చేవాడికి ఈ టెన్షన్ లేదు. కానీ పెద్ద హోటళ్లలో కార్డు మీద టిప్పు కలిపి ఇచ్చినప్పుడు ఈ ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. హోటళ్లు నడిపే ఐటీసీ కంపెనీ కేసులో 2016లో కోర్టు, కస్టమర్ ఇచ్చిన టిప్పు యజమాని చేతి మీదుగా వచ్చినా అది యజమాని ఇచ్చే జీతం కాదు, దాని మీద జీతం కింద ముందే పన్ను (టీడీఎస్) కోయాల్సిన బాధ్యత యజమానికి లేదు అంది. కస్టమర్ ఇచ్చేది కస్టమర్‌దే, సేటుది కాదని మేం వంటింట్లో ఏళ్ల తరబడి అన్నమాటే అది. ఆ డబ్బా తాళం గుర్తొచ్చింది నాకు.

నువ్వు ఇప్పుడు బయట తింటే ఎంత ఇస్తావు?

ఇద్దరం వెళ్తే యాభై. మా ఆవిడ "నీది ఎక్కువైతుంది" అంటుంది. లేచేముందు ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పెట్టి, ఎముకలన్నీ ఒకే ప్లేట్లోకి తోస్తాను. అది టిప్పు కిందకు రాదు కానీ తుడిచేవాడికి రెండు నిమిషాలు మిగులుతాయి.

మీ కర్రీ పాయింట్‌లో టిప్పు తీసుకుంటారా?

తీసుకోను. పార్సిల్ కట్టి ఇచ్చేదానికి టిప్పేంటి! కొందరు నలభై ఐదు రూపాయల కూరకు యాభై ఇచ్చి "ఉంచుకో అన్నా" అని వెళ్లిపోతారు. మర్నాడు వాళ్ల కవర్‌లో ఒక పచ్చిపులుసు ప్యాకెట్ ఎక్కువ పడుతుంది, ఉల్లిగడ్డ ముక్కలు కాస్త దండిగా వేసి.